ఆవిరి గిన్నెలో నాణెం

ప్రభావతి ఆంటీ ఇంట్లో మెల్లగా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. లిఫ్టు దిగి కారిడార్‌లోకి అడుగుపెడితే చాలు, ఆ ఇంటి మాటలు ఎదురొచ్చేవి. చారులో ఉప్పు సరిపోయిందా అన్న ప్రశ్న కూడా తగువులాగే వినిపించేది. దానికి కారణం మారయ్య అంకుల్ అని ఆ బ్లాకులో అందరికీ తెలుసు. ఆయన సింగపూర్‌లోని సెంబవాంగ్ ఓడల యార్డులో ఏళ్ల తరబడి వెల్డింగు చేసిన మనిషి. ఓడ పొట్టలో కూర్చుని పనిచేస్తుంటే, బయట రేకు మీద సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా చర్చి గంటలో తల దూర్చినట్టు ఉండేదట. ఆ దెబ్బలకు చెవులు పోయాయి. ఆయనకు వినపడాలని ఆంటీ అరిచేది. ఆంటీ అరుస్తుంది కాబట్టి కూతురు స్టెల్లా అరిచేది. వీళ్లందరి మీదా టీవీ అరిచేది.

నేను సాహిత్యంలో పై చదువు కోసం వచ్చి, వాళ్ల ఫ్లాటులో వంటగది పక్కనున్న చిన్న గది అద్దెకు తీసుకున్నాను. నా గొంతు మొదట్నుంచీ చిన్నదే.

“నోరు తెరిచి మాట్లాడమ్మాయ్, గాలొస్తంది గానీ మాట రావట్లేదు,” అని ఆంటీ రోజూ అనేది. గొంతు పెంచుకోవాలని అనుకునేదాన్ని తప్ప, ఆవిడ చెవుల గురించి నాకు ఆలోచన రాలేదు. ఎవరికీ రాలేదు. ఆ ఇంట్లో చెవుడు అంకుల్ సొత్తు.

ఆంటీది నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు చర్చి అరుగు మీద ఆడవాళ్లతో కలిసి లేసు అల్లేది. పెళ్లయ్యాక సింగపూర్ వచ్చింది. వచ్చిన కొత్తలో ఎక్కడో మెక్సికో నుంచి ఒక ఓడ మరమ్మతుకు వచ్చి నెలల తరబడి యార్డులోనే ఉండిపోయింది. ఆ ఓడ ఇంజినీరు భార్య డొలోరెస్ అనే ఆవిడ ఆదివారాలు వీళ్ల చర్చికి వచ్చేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా క్రిస్మస్ ముందు ఇద్దరూ కలిసి వంటకు కూర్చున్నారు. డొలోరెస్ నేర్పిన ఆ వంట పేరు తమాలే.

ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పోయేలా చేతులతో రుద్ది కడగాలి. తర్వాత మెత్తగా రుబ్బి, వెన్న కలిపి, ముద్ద నీళ్లలో వేస్తే తేలేదాకా గిలకొట్టాలి. ఆ ముద్దను అరిటాకు మీద పరిచి, మధ్యలో ఎండుమిరప, వెల్లుల్లి వేసి వండిన కోడిమాంసం పెట్టి మడిస్తే కారం తమాలే. కొబ్బరి, తాటిబెల్లం, ఎండుద్రాక్ష పెడితే తీపి తమాలే. మడిచినవాటిని లేసు దారంతో కట్టడం మాత్రం ఆంటీ సొంతం. సున్నం తమలపాకుల కొట్లో, రుబ్బురాయి సెరంగూన్ రోడ్డులో దొరికేవి. స్టెల్లా బడికి వెళ్లే వయసు వచ్చేదాకా అది నరసాపురం వంట అనుకునేది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్లి క్రిస్మస్ పొద్దున “తమాలే ఎక్కడ?” అని ఏడిస్తే, ఆ పిల్లకు దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పారట.

డొలోరెస్ వెళ్లిపోతూ తన దేశపు నాణెం ఒకటి ఇచ్చింది. ఆవిరి గిన్నె అడుగున దాన్ని వేసి, నీళ్లు పోసి, పైన చిల్లుల పళ్లెం పెట్టి, కారంవి కింద, తీపివి మీద పేర్చాలి. నీళ్లు మరుగుతున్నంతసేపూ నాణెం గిన్నె అడుగున టకటకమని కొట్టుకుంటుంది. అది ఆగిపోతే నీళ్లు అయిపోయినట్టు. మూత తీసి చూస్తే ఆవిరి పోయి పిండి గట్టిపడుతుంది. అందుకే చూడకూడదు, వినాలి.

“మా ఇంటి కాపలాదారు,” అనేవాడు అంకుల్ ఆ నాణేన్ని. “జీతం లేదు, భోజనం లేదు. ఏడాదికి ఒక్కరోజు డ్యూటీ.”

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని అందరూ భయపడుతున్న డిసెంబరు. మా పైఅంతస్తులో ఉండే స్పందన, ఉదయ్‌కిరణ్ ఇద్దరూ ఆ పనిమీదే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు. పొద్దున వెళితే చీకటిపడ్డాక వచ్చేవాళ్లు. వాళ్ల పాప అనన్యకు ఇంకా ఏడాది నిండలేదు. పగలంతా ఆంటీ దగ్గరే. హాల్లో ఇనుప స్టాండుకు స్ప్రింగు, దానికి లుంగీలాంటి సారంగ్ గుడ్డ కట్టి ఉయ్యాల చేసింది ఆంటీ.

“మా అమ్మ ఉన్నా ఇంత మంచిగ చూసుకోదు,” అనేది స్పందన గేటు దగ్గర చెప్పులేసుకుంటూ. “ఇది కండ్లు తెరవకముందే మీకు తెలుస్తది ఆంటీ.”

ఆ మాటకు ఆంటీ నవ్వేది. నవ్వు తొందరగా ఆగిపోయేది.

డిసెంబరు మొదట్లో ఒక విషయం గమనించాను. ఆంటీ లేసు దారం ఒక కొస ఉయ్యాలకు, ఇంకో కొస తన మణికట్టుకు కట్టుకుంటోంది. పప్పు ఏరుతున్నా, బట్టలు మడతపెడుతున్నా దారం ఉండాల్సిందే. కూర్చున్నచోటు నుంచే ఊపడానికి కాబోలు అనుకున్నాను. కానీ ఆవిడ దారాన్ని లాగేది కాదు. దారం తనను లాగితే ఉలిక్కిపడి లేచేది. మణికట్టు మీద గాజు పక్కన సన్నటి ఎర్రని గీత పడింది.

క్రిస్మస్ రోజు చర్చి నుంచి రాగానే ఆంటీ పట్టుచీర మీద పాత తువ్వాలు చుట్టుకుని గిన్నె పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి స్పందన వాళ్లను పిలిచారు. అంకుల్ సోఫాలో కూర్చుని టీవీలో పాటలు పెట్టుకున్నాడు. స్టెల్లా గదిలో ఫోనులో మాట్లాడుతోంది. నేను వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కాసేపటికి నాణెం మొదలైంది. మొదట అక్కడొకటి, ఇక్కడొకటి. తర్వాత ఆగకుండా టకటకటక.

ఆంటీ మూత దగ్గర తల వంచింది. “ఆగిపోయింది,” అని చెంబుతో వేణ్నీళ్లు తీసుకుని, గిన్నె పక్కనున్న ముక్కులోంచి పోసింది. నాణెం ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది.

కాస్త సేపటికి మళ్లీ తల వంచింది. మళ్లీ పోసింది. నాణెం అప్పుడూ మోగుతూనే ఉంది. మూడోసారి చెంబు ఎత్తినప్పుడు నా కత్తి ఆగిపోయింది.

ఆవిడ నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో, చెంబు గట్టుమీద పెట్టేసింది. వెళ్లి టీవీ కట్టేసి వచ్చింది. “ఎందుకే?” అని అంకుల్ కేక వేశాడు. ఆవిడ వంటగది తలుపు దగ్గరగా వేసి, ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగింది.

“అమ్మాయ్, మోగుతోందా?”

తల ఊపాను.

“ఇప్పుడూ?”

“ఇప్పుడూ మోగుతోంది ఆంటీ.”

ఆవిడ నా పెదాల వైపు చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఎప్పుడూ అటే చూసేది.

ఆంటీ పీట మీద కూర్చుంది. “ముందు కోకిల పోయింది,” అంది. “పొద్దున్నే ఆ చెట్టుమీద అరిచి సంపేసేది కదా, ఆ ఏడు రాలేదనుకున్నా. తర్వాత లిఫ్టు గంట. పాడైందనుకున్నా. అన్నీ అవతలోళ్ల తప్పే అనుకున్నానమ్మా. మాటలైతే అరుత్తారు గనక వినపడతాయి. సన్నవి పోయాయి.”

“డాక్టరుకి చూపించుకోలేదా?”

“చూపిస్తే చెవుడని పేరు పెట్టేత్తాడు. పేరొచ్చాక దాచలేం.” తువ్వాలు అంచు వేళ్లకు చుట్టుకుంది. “పోయిన నెల్లో ఓ రోజు నేను ఇక్కడ మిక్సీ వేస్తన్నా. చట్నీ అయ్యింది, గిన్నెలు కడిగా, కూర తాలింపేసా. తీరా హాల్లోకి ఎల్తే ఉయ్యాల గుడ్డ మెలిపడి పాప మొహానికి చుట్టుకుపోయింది. ఎంతసేపట్నించి ఏడుస్తందో. మొహం కందిపోయి, నోరు తెరిచి ఉంది గానీ గొంతు రావట్లేదు. నాకు వినపడక రావట్లేదా, దానికే రావట్లేదా, అదీ తెలీలేదమ్మా నాకు. గుండెలకి అదుముకుంటే ఊపిరి తగిలింది.”

పొయ్యి మీద నాణెం ఆగకుండా కొట్టుకుంటోంది. నాకు దాన్ని ఆపేయాలనిపించింది.

“సాయంత్రం స్పందన వచ్చి పాప గొంతు బొంగురుపోయిందేంటి ఆంటీ అంది. జలుబు అన్నా. ఆ మర్నాడే దారం కట్టా. పగలైతే దారం ఉంది, కళ్లున్నాయి. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆళ్లిద్దరూ ఆఫీసులోనే ఉండాలంట, కంప్యూటర్ల దగ్గర కాపలా. పాప ఇక్కడే పడుకుంటది. స్టెల్లా చర్చి పిల్లలతో పోద్ది. నువ్వేమో మీ ప్రొఫెసరు గారింటికి ఎల్తానన్నావు.” హాలు వైపు గడ్డంతో చూపించింది. “ఇక ఇంట్లో ఆయనా, నేనూ. చీకట్లో ఆ పిల్ల ఏడిస్తే వినేదెవరు?”

“చెప్పేయండి ఆంటీ.”

“చెబితే తీసుకెళ్లిపోద్ది.” ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి కాబోలు. అన్నాక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. “పొద్దున్న దాన్ని నా చేతుల్లో పెట్టగానే జుట్టు పట్టుకుంటది. అదుందని లేస్తన్నానమ్మా నేను. ఆయన ఏళ్లుగా వినడు. ఈ పిల్ల వచ్చింది. నాలుగు కాలాలు ఉంటదనుకున్నా.”

గేటు చప్పుడైంది. ఆవిడకు వినపడలేదు. నేను చెబితే లేచి, ముఖం తుడుచుకుని, నవ్వు పెట్టుకుని వెళ్లింది.

పాప అప్పటికే నిద్రపోతోంది. ఆంటీ వాళ్ల పడకగదిలో మంచం మీద దిండ్లు అడ్డంపెట్టి పడుకోబెట్టారు. తలుపు ఓరగా వేశారు. ఆంటీ ఆ తలుపు ఎదురుగా కనిపించే కుర్చీలో కూర్చుంది.

గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టాం. పైనున్న తీపివి చక్కగా వచ్చాయి. అరిటాకు విప్పగానే బెల్లం వాసన గదంతా నిండింది. కిందివి మాత్రం మునిగిపోయాయి. ఆకు విప్పితే ముద్ద జారి పళ్లెంలో పరుచుకుంది.

“ఏంటమ్మా ఇది, పోరిడ్జ్ ఆ?” అంది స్టెల్లా. “ఫస్ట్ టైమ్ ఇలా! ఎంత నీళ్లు పోశావ్?”

“కాపలాదారు తాగి పడుకున్నాడేవిటే ప్రభా?” అంకుల్ పగలబడి నవ్వాడు. “క్రిస్మస్ కదా, వాడికీ పండగే!”

“అట్లనకండి అంకుల్,” అంది స్పందన. చెంచాతో తీసుకుని తిని, కళ్లు పెద్దవి చేసింది. “ఆంటీ, అచ్చం మక్క గటక లెక్క ఉంది! మా అమ్మమ్మ చేస్తుండె. దాంట్ల కోడికూర ఏసుకుంటే ఇగ సూడు. ఉదయ్, తిను నువ్వు.”

“ఆమెకు నచ్చిందంటే మాకు మిగలదు ఆంటీ,” అన్నాడు ఉదయ్‌కిరణ్. “కొన్ని ఆఫీసుకు కూడా కట్టియ్యండి. ముప్పై ఒకటినాడు కంప్యూటర్లు కూలిపోతే కూసొని తింటం.”

“ముప్పై ఒకటి” అన్న మాట మీద ఆంటీ చెయ్యి ఆగింది. అప్పుడే లోపల పాప ఏడ్చింది.

గట్టి ఏడుపేం కాదు. నిద్రలోంచి లేచే పిల్లల మొదటి మూలుగు. బల్ల చుట్టూ ఉన్న తలలు ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. స్టెల్లా తల, ఉదయ్ తల, నా తల. స్పందన అప్పటికే లేచి లోపలికి వెళ్లింది. తిరగనివి రెండే. అంకుల్ ఆకు విప్పుకుంటున్నాడు. ఆంటీ స్పందన పళ్లెంలో ఇంకో తమాలే వడ్డిస్తోంది. ఎదురుగా ఖాళీ అయిన కుర్చీని చూసి, మా తలలు చూసి, అప్పుడు తను తల తిప్పింది.

స్పందన పాపను ఎత్తుకుని వచ్చింది. “ఏంది ఆంటీ, ఇయ్యాల మీకన్న ముందు నేను విన్న!” అంది సంబరంగా.

“ఈరోజే కాదమ్మా,” అంది ఆంటీ.

గరిటె కింద పెట్టింది. గొంతు చిన్నదిగా వచ్చింది. ఆ ఇంట్లో ఆ గొంతు అలవాటు లేని స్టెల్లా నమలడం ఆపేసింది.

“నాకు వినపడట్లేదు స్పందనా. చాలా నెలలైంది. పాప ఏడిస్తే వినపడదు. ఆ రోజు గొంతు బొంగురుపోయింది జలుబుకి కాదు. ఉయ్యాల గుడ్డ మొహానికి చుట్టుకుని ఏడ్చి ఏడ్చి పోయింది. నేను వంటింట్లోనే ఉన్నా. వినలేదు. నీకు అబద్ధం చెప్పా.”

“ఏమంటందే?” అని అంకుల్ స్టెల్లాను అడిగాడు. 

స్పందన పాపను రెండు చేతులతో దగ్గరకు లాక్కుంది. గుడ్డ మెలి ఇప్పుడే చూసినట్టు పాప మెడ తడిమింది. “మొహానికా?” అంది. “ఊపిరి...” పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. “ఇన్ని దినాలు ఎట్ల దాచిపెట్టిండ్రు ఆంటీ? రోజు మీ చేతుల పెట్టి పోయిన. రోజు! ఆఫీసుల కూసొని ఒక్కసారి గూడ భయపడలే నేను.”

“స్పందనా, కూసో...” అన్నాడు ఉదయ్.

“నువ్వు లే!”

చెప్పులు సరిగా వేసుకోకుండానే వెళ్లిపోయారు. పాప తల్లి భుజం మీదుగా ఆంటీ జుట్టు కోసం చెయ్యి చాపింది. గేటు మూసుకుంది. స్టెల్లా తండ్రి చెవి దగ్గర వంగి అంతా చెప్పింది. అంకుల్ విప్పిన ఆకును మళ్లీ మడిచాడు.

“మీరంతా నా చెవుడు చూసి నవ్వుకుంటున్నారనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ,” అన్నాడు. “నువ్వు ఒక్కదానివే భయపడతన్నావా?”

ఆ మాట ఆయన మామూలు గొంతుతో అన్నాడు. ఆంటీకి వినపడలేదు. తీపి తమాలేలు ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు, ఆ మర్నాడు పైనుంచి ఎవరూ రాలేదు. ఆంటీ పొద్దున్నే లేచి గేటు వైపు కూర్చునేది. వినపడదు కాబట్టి కళ్లు తిప్పేది కాదు. దారం మాత్రం స్టాండుకు కట్టే ఉంది. స్టెల్లా ఫోన్లు చేసి ఆసుపత్రిలో చెవుల పరీక్షకు సమయం తీసుకుంది. ఆ రోజు తనకు షాపులో పార్ట్‌టైమ్ పని ఉంది, అంకుల్‌ను తీసుకెళితే డాక్టరు మాటలు ఇద్దరికీ అందవు. నేను వెళ్లాను.

లిఫ్టు దగ్గర స్పందన నిలబడి ఉంది, పాపను ఎత్తుకుని. పరీక్ష సంగతి స్టెల్లా చెప్పి ఉంటుంది. ముఖం పక్కకు తిప్పుకునే మాతోపాటు బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఆంటీని ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చేతికి మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడు నొక్కాలి. బయట నర్సు ముందున్న యంత్రం మీద ఒక దీపం వెలిగేది, శబ్దం వెళ్లినట్టు. దీపం వెలిగింది. ఆంటీ బొటనవేలు కదల్లేదు. మళ్లీ వెలిగింది. కదల్లేదు. ఆంటీ కళ్లు గాజులోంచి స్పందన ముఖాన్ని, నా ముఖాన్ని వెతుకుతున్నాయి, మా తలలు ఎటు తిరుగుతాయో చూస్తున్నట్టు. నర్సు వచ్చి ఆవిడ కుర్చీని గోడవైపు తిప్పింది. ఇక ఆవిడ వీపే కనిపించింది. జాకెట్టు చెమటకు తడిసి ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. స్పందన నా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తనకు తెలియలేదనుకుంటాను.

డాక్టరు కాగితం మీద పైనుంచి కిందికి జారిపోయే గీత చూపించాడు. సన్నటి శబ్దాలు దాదాపు లేవు. చెవి మిషన్లు పెట్టుకుంటే చాలావరకు వినపడొచ్చు అన్నాడు.

“ముప్పై ఒకటిలోపల వస్తయా?” అని అడిగింది స్పందన ఇంగ్లీషులో, తొందరగా.

రావు. చెవి కొలత తీసుకుని చేయించాలి. జనవరి సగం అవుతుంది.

స్పందన పాప టోపీ సరిచేసింది. మళ్లీ సరిచేసింది. “ముప్పై ఒకటికి నేను రానని ఆఫీసుల చెప్తా,” అంది తెలుగులో, మాతో కాకుండా పాపతో అన్నట్టు. “ఏమన్నా అననీ. మిషిన్లు వచ్చినంక, వారం దినాలు నేనుగూడ ఇంట్లనే ఉండి సూస్తా. మంచిగ వినపడ్తే అప్పుడు తెస్తా.”

ఆమె తల వంచుకుని మాట్లాడింది. ఆంటీకి పెదాలు కనపడలేదు.

“ఏమందమ్మా?” అని నన్ను అడిగింది ఆంటీ. నా చెయ్యి పట్టుకున్న ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి.

“జనవరిలో తెస్తుందట,” అన్నాను. వినపడలేదు. నోరు తెరిచి, కారిడార్‌లో కూర్చున్నవాళ్లంతా మా వైపు తిరిగేంత గట్టిగా అరిచాను. “మిషన్లు వచ్చాక పాపని తెస్తుందట ఆంటీ!”

ఆంటీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మణికట్టు మీది ఎర్ర గీతను బొటనవేలితో రాసుకుంటూ, స్పందన భుజం మీది పాప వైపు చూసింది.

“అప్పుడూ వినపడకపోతే?” అంది.

స్పందన పాపను ఆంటీ వైపు తిప్పి కూర్చోబెట్టుకుంది. పాప ఆవిడ జుట్టు పట్టుకుంది.